చిన్నోడి పిల్లికూతలు పిల్లి వల్లేనా? కుక్క కూడా ఉంది, ఏం చేయాలో తోచట్లేదు

చిన్నోడి అమ్మ | సోమవారం రాత్రి 11.40

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే, రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగైంది, ఏమనుకోకండి.

మా బాబుకి ఐదేళ్లు. రెండు నెలల నుంచి పొద్దున లేస్తూనే వరసపెట్టి పది పన్నెండు తుమ్ములు తుమ్ముతాడు. ముక్కు దిబ్బడ, నోటితో గాలి పీల్చడం. అరచేత్తో ముక్కుని కిందనుంచి పైకి తోసుకుంటూనే ఉంటాడు, అలా తోసి తోసి ముక్కు మీద అడ్డంగా చిన్న గీత కూడా పడింది. రాత్రి రెండింటికో మూడింటికో పొడిదగ్గు. పోయిన గురువారం ఆ దగ్గు ఆగక ఛాతీలోంచి పిల్లికూతలు మొదలయ్యాయి, భయమేసి హాస్పిటల్‌కి పరిగెత్తాం, నెబ్యులైజర్ పెడితే తగ్గింది. బయటికి వచ్చేముందు డాక్టర్ "ఇంట్లో జంతువులేమైనా ఉన్నాయా" అని అడిగారు. ఒక కుక్క, ఒక పిల్లి అన్నాం. "ఎవరికైనా ఇచ్చేయండి" అని తర్వాతి పేషెంట్‌ని పిలిచేశారు. అంతే.

కుక్క పేరు టైగర్, బాబు పుట్టకముందు నుంచే ఉంది, దానికిప్పుడు ఏడేళ్లు. పిల్లి చుక్కి వచ్చి ఏడాదిన్నర. అది మా పెద్దమ్మాయిది, అమ్మాయికి పదకొండేళ్లు. కళ్లు కూడా తెరవని పిల్లిపిల్లని తెచ్చి సిరంజితో పాలు పట్టి బతికించుకుంది. మా ఆయన కుక్కే కారణం అంటారు, బొచ్చు ఎక్కువ రాలేది దానికే కాబట్టి. నాకు పిల్లి మీద అనుమానం. మా అత్తగారు రెండింటినీ పంపేయమంటున్నారు. ఇదంతా విని పెద్దమ్మాయి "తమ్ముణ్ణే ఎక్కడికైనా పంపించండి" అని తలుపేసుకుంది. ఆ మాట వాడి చెవిన పడింది. నాకు దగ్గు కన్నా ఎక్కువ బాధ అదే ఇప్పుడు.

ఇలాంటిది దాటినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇచ్చేయక తప్పదా? అసలు ఏది కారణమో తెలుసుకునేదెలా?

ముక్కుసూటి | సోమవారం రాత్రి 11.58

దీనికి ఇంత పెద్ద పోస్ట్ ఎందుకండీ. పిల్లాడికి ఆయాసం వచ్చింది, డాక్టర్ ఇచ్చేయమన్నారు, ఇచ్చేయండి. కన్నకొడుకు కన్నా పిల్లి ఎక్కువా? పెద్దమ్మాయి నాలుగు రోజులు ఏడుస్తుంది, ఐదో రోజు మర్చిపోతుంది. పిల్లలు అంతే.

శ్రావణమేఘం | మంగళవారం ఉదయం 6.15

ఐదో రోజు మర్చిపోతారని ఎవరు చెప్పారండీ మీకు. మా ఇంట్లో జరిగింది చెప్తా వినండి.

మా పాపకి ఆరేళ్లప్పుడు సరిగ్గా ఇవే లక్షణాలు. ఇదే మాట, ఇచ్చేయండి. ఏ టెస్టూ లేకుండా తెల్లారేసరికి పిల్లిని ఇచ్చేశాం. పాప తుమ్ములు ఆగలేదు. పిల్లి పోయి ఎనిమిది నెలలు గడిచినా అవే తుమ్ములు, అదే రాత్రి దగ్గు. చివరికి వేరే డాక్టర్ టెస్ట్ చేయిస్తే పిల్లికి అసలు ఏమీ లేదు, డస్ట్ మైట్లకి, అదే దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగులకి మాత్రం చేతి మీద ఇంత బుడిపె లేచింది. ఆ మైట్లు ఉండేది ఎక్కడా అంటే పాప పరుపులో, దిండులో, అది రాత్రంతా కౌగిలించుకుని పడుకునే బొచ్చు ఎలుగుబంటి బొమ్మలో. పిల్లి పోయిందని ఓదార్పుగా ఆ బొమ్మ కొనిచ్చింది నేనే. పిల్లిని తీసుకెళ్లినవాళ్లు ఊరు మారిపోయారు, మళ్లీ తెచ్చుకునే దారి కూడా లేదు. కాబట్టి ఒక్కటే చెప్తా అక్కా, ముందు టెస్ట్ చేయించు, తర్వాతే ఏదైనా.

రాత్రి డ్యూటీ | మంగళవారం ఉదయం 8.05

నేను పిల్లల వార్డులో నర్సుని, పద్నాలుగేళ్ల నుంచి ఇదే పని. డాక్టర్‌ని కాదు, అందుకని మందుల మోతాదులు చెప్పను, చూసింది చెప్తా.

ముందు అన్నిటికన్నా ముఖ్యమైనది. పిల్లికూతలు ఒకసారి వచ్చాయంటే మళ్లీ రావచ్చు. పిల్లాడు గాలి పీల్చేటప్పుడు డొక్కలు ఎగరేస్తున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతున్నా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేక మధ్యలో ఆగుతున్నా, పెదాలు నీలంగా మారినా ఇక్కడ పోస్టులు పెట్టకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. కూతలు ఎక్కువగా ఉండి ఉన్నట్టుండి ఛాతీ నిశ్శబ్దమైపోతే తగ్గిందనుకోకండి, గాలి ఆడక కూడా అలా అవుతుంది.

ఇక పిల్లా కుక్కా అన్నది. బొచ్చు రాలేదాని మీదే అందరికీ అనుమానం పోతుంది కానీ అలర్జీ తెప్పించేది బొచ్చు కాదు. పిల్లికైతే ముఖ్యంగా ఒక ప్రోటీన్, ఫెల్ డి 1 అంటారు, దాని ఉమ్మిలోను చర్మంలోని నూనె గ్రంథుల్లోను తయారవుతుంది. రోజంతా ఒళ్లు నాక్కుంటుంది కదా, ఆ ఉమ్మి ఆరిపోయి పొట్టులా రేగి గాల్లో కలుస్తుంది. చాలా చిన్న రేణువులు, గంటల తరబడి గాల్లో తేలుతూనే ఉంటాయి. బట్టలకి అంటుకుని పిల్లి లేని ఇళ్లకి, స్కూళ్లకి కూడా వెళ్తాయి. కుక్కకి ఇలాంటి ప్రోటీన్లు చాలానే ఉన్నాయి. వేరే వేరే అలర్జీలు కాబట్టి పిల్లి పడనివాళ్లందరికీ కుక్క పడదని లేదు.

టెస్టులు రెండు రకాలు. ఒకటి స్కిన్ ప్రిక్, ముంజేతి మీద ఒక్కో అలర్జీ పదార్థం ఒక చుక్క వేసి చిన్నగా గీరుతారు, పదిహేను ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది. దానికి ముందు తుమ్ముల మందులు, అంటే సిట్రిజిన్ లాంటివి, కొన్ని రోజులు ఆపాలి, మామూలుగా వారం దాకా, మీ డాక్టర్ చెప్పినట్టు చేయండి. ఆపకుండా వెళ్తే ఏమీ లేనట్టు తప్పు రిజల్ట్ వస్తుంది. రెండోది రక్తంలో ఐజీఈ, అంటే అలర్జీ ఉన్నప్పుడు ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ, ఎంతుందో చూసేది, దానికి మందులు ఆపక్కర్లేదు. ఆయాసం అదుపులో లేనప్పుడు స్కిన్ టెస్ట్ వెంటనే చేయరు, అది కుదుటపడ్డాకే.

ఇంకో మాట, పాజిటివ్ వచ్చినంత మాత్రాన అదే జబ్బుకి కారణం అని కాదు. శరీరం దాన్ని గుర్తుపడుతోంది అని మాత్రమే. లక్షణాలతో కలిపి చూడాలి. ఈ ముక్క చెప్పక చాలామంది కాగితం మీద ప్లస్ చూసి కంగారు పడతారు.

చిన్నోడి అమ్మ | మంగళవారం ఉదయం 9.30

అమ్మయ్య, ఒక్క రాత్రిలో ఇంత చెప్పారు, థాంక్స్. ముక్కుసూటి గారూ, కొడుకు కన్నా పిల్లి ఎక్కువ అయితే రాత్రి పన్నెండింటికి ఇక్కడ కూర్చునేదాన్ని కాదు.

నర్సు గారూ, మరి పిల్లిని పది రోజులు వేరే చోట పెట్టి చూస్తే? తగ్గితే అదే అని తెలిసిపోతుంది కదా?

రాత్రి డ్యూటీ | మంగళవారం మధ్యాహ్నం 2.10

తెలియదమ్మా. అందరూ చేసే పొరపాటే అది. పిల్లి వెళ్లిపోయినా దాని ప్రోటీన్ సోఫాలో, పరుపులో, కర్టెన్లలో ఉండిపోతుంది, పిల్లి లేని ఇంటి స్థాయికి రావడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టొచ్చు. పది రోజుల్లో తగ్గలేదు కాబట్టి పిల్లి కాదు అనుకుంటారు. అది తప్పు. దానికన్నా పిల్లాణ్ణే కొన్ని రోజులు జంతువులు లేని బంధువుల ఇంట్లో ఉంచి చూస్తే కాస్త నయం, కానీ అక్కడ పరుపు వేరు, దుమ్ము వేరు, అప్పుడు కూడా పక్కాగా చెప్పలేం. అనుమానం పెరగడానికో తరగడానికో మాత్రం పనికొస్తుంది.

డైరీ రాయండి. ఎప్పుడు తుమ్మాడు, ఎక్కడ ఉన్నాడు, పిల్లిని ముట్టుకున్నాక ఎంతసేపటికి, కుక్క నాకిన చోట దద్దుర్లు వచ్చాయా లేదా. రెండు వారాలు రాస్తే డాక్టర్‌కి చాలా ఉపయోగం.

తోకలున్న ఇల్లు | మంగళవారం సాయంత్రం 5.45

నేను పశువుల డాక్టర్‌ని, అంటే అవతలి పార్టీ తరఫు అనుకోండి :) మా క్లినిక్‌కి ఇలాంటి తల్లిదండ్రులు వారానికి ఒకరైనా వస్తారు, "డాక్టర్ గారూ దీన్ని ఎవరికైనా ఇప్పించండి" అని. తీసుకునేవాళ్లు దొరకడం ఎంత కష్టమో వాళ్లకి అప్పుడు గానీ తెలియదు. ఏడేళ్ల కుక్కని ఎవరూ తీసుకోరు. అందుకే తొందరపడొద్దు అంటాను, అలాగని నాన్చమనీ అనను.

కొన్ని అపోహలు ముందు తీసేస్తా. అలర్జీ రాని జాతి కుక్క అంటూ అమ్ముతారు చూడండి, నమ్మొద్దు. అలాంటి జాతులున్న ఇళ్లలోనూ మామూలు కుక్కలున్న ఇళ్లలోనూ దుమ్ము తీసి కొలిచిన పరిశోధన ఒకటి 2011లో అమెరికాలో వచ్చింది, రెండిటికీ తేడా కనపడలేదు. మీ టైగర్ని ఇచ్చి అలాంటిదాన్ని తెచ్చుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

కుక్కల్లో ఒక తమాషా ఉంది. కాన్ ఎఫ్ 5 అనే ప్రోటీన్ ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తుంది, అంటే మగ కుక్కల్లోనే, అదీ ఆపరేషన్ చేయించని వాటిలో. కొందరికి పడనిది అదొక్కటే అయితే ఆడకుక్కతో ఏ ఇబ్బందీ ఉండదు. కాబట్టి టైగర్‌కి ఆపరేషన్ అయిందా లేదా అన్నది కూడా చెప్పండి.

స్నానం గురించి. కుక్కకి వారానికి రెండుసార్లు చేయిస్తే ఒంటి మీద అలర్జీ ప్రోటీన్ తగ్గుతుంది, కానీ మూడు నాలుగు రోజుల్లో మళ్లీ మామూలే. పిల్లికి స్నానం చేయిస్తే వారం తిరక్కుండా మొదటికొస్తుంది, మీ చేతులకి గాట్లు మిగులుతాయి. పిల్లి మీద మీ సమయం వృథా చేసుకోకండి. ఈ మధ్య పిల్లుల కోసం ఒక రకం మేత వచ్చింది, గుడ్డు నుంచి తీసిన యాంటీబాడీ కలుపుతారు, అది నోట్లోనే ఫెల్ డి 1ని పట్టుకుంటుంది. తయారుచేసినవాళ్ల పరిశోధనలో మూడో వారం నుంచి బొచ్చు మీద సగటున 47 శాతం తగ్గిందని వచ్చింది. తగ్గడం వేరు, పోవడం వేరు. సగం తగ్గినా మీ బాబుకి సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు.

ఒకటి అడగడం మర్చిపోయా. కాళ్ల మీద, నడుము దగ్గర గుంపులు గుంపులుగా దురద పొక్కులు ఏమైనా ఉన్నాయా? ఉంటే అది అలర్జీ కాకుండా ఫ్లీలు, అదే కుక్క ఒంటి మీద గెంతే చిన్న పురుగులు, కుట్టినవి కావచ్చు. దానికి మందు జంతువుకి వేయాలి. జాగ్రత్త, కుక్కలకి వేసే పురుగుల మందుల్లో పర్మెత్రిన్ ఉన్నవి పిల్లికి వేస్తే ప్రాణం పోతుంది, ఒకే ఇంట్లో రెండూ ఉన్నవాళ్లు ఇది గోడ మీద రాసి పెట్టుకోవాలి.

చిన్నోడి అమ్మ | మంగళవారం రాత్రి 9.20

పొక్కులేమీ లేవండీ. టైగర్‌కి ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. దాని మీద పడి దొర్లుతాడు, ముఖమంతా నాకించుకుంటాడు, ఏమీ కాదు. ఇప్పుడు ఇది రాస్తుంటే నాకే అనిపిస్తోంది, మా ఆయన అనవసరంగా దాన్ని ఆడిపోసుకుంటున్నారేమో అని.

చిలకమ్మ | మంగళవారం రాత్రి 10.02

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా ఇంట్లో కుక్కా పిల్లీ లేవు, రెండు చిలకలు ఉన్నాయి. మా బాబుకీ ఇలాగే దగ్గు. పక్షులకి కూడా అలర్జీ ఉంటుందా?

రాత్రి డ్యూటీ | మంగళవారం రాత్రి 10.30

ఉంటుందండీ. పక్షుల రెక్కల పొడి, రెట్టల వల్ల అలర్జీయే కాక ఊపిరితిత్తుల్లో వేరే రకం వాపు కూడా రావచ్చు. దగ్గు చాలా రోజులుగా ఉంటే డాక్టర్‌కి "ఇంట్లో చిలకలున్నాయి" అని మీరే నోరు తెరిచి చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. వేరే పోస్ట్ పెట్టండి, అక్కడ మాట్లాడదాం.

పాత కాపు | బుధవారం ఉదయం 7.00

అందరూ తొందరపడొద్దు అంటున్నారు, నేను ఇంకో వైపు చెప్పాలి.

మాకు టెస్ట్ అయింది. పిల్లికి గట్టిగా పాజిటివ్. అయినా మేం పంపలేదు. గదిలోకి రానివ్వం, రోజూ ఊడుస్తాం, మందులు వాడుతున్నాం కదా అని నెట్టుకొచ్చాం. మందులంటే, ఆయాసం వచ్చినప్పుడు పీల్చే ఇన్‌హేలర్ ఒకటి జేబులో, రోజూ వాడాల్సిన ఇన్‌హేలర్ అల్మారాలో. "రోజూ పీలిస్తే అలవాటైపోతుంది" అని మా పెద్దవాళ్లు అంటే నేనూ తలూపాను. ఏడాది తర్వాత ఒక రాత్రి మా అబ్బాయి మాట్లాడలేకపోయాడు. కళ్లతో అడుగుతున్నాడు. ఆసుపత్రిలో నాలుగు రోజులు, అందులో రెండు ఐసీయూలో. ఆ నాలుగు రోజులు నేను పిల్లిని తిట్టుకున్నాను కానీ నిజానికి తిట్టుకోవాల్సింది నన్ను నేనే.

పిల్లిని పంపేశాం. ఇన్‌హేలర్ రోజూ వాడాం. ఇప్పుడు వాడికి పద్నాలుగు, ఫుట్‌బాల్ ఆడతాడు. రెండిట్లో ఏది పనిచేసిందని అడక్కండి, నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ముక్కుసూటి | బుధవారం ఉదయం 7.20

నేను చెప్పింది ఇదే కదా.

రాత్రి డ్యూటీ | బుధవారం ఉదయం 8.40

కాదండీ, ఆయన చెప్పింది ఇంకోటి. ఇన్‌హేలర్ అలవాటవదు, దాన్ని అర్థం చేసుకోండి. ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది వేరు, అది ఊపిరి గొట్టాలని వెంటనే తెరుస్తుంది. రాకుండా రోజూ పీల్చేది వేరు, అందులో చాలా తక్కువ మోతాదు స్టెరాయిడ్ ఉంటుంది, లోపలి వాపుని తగ్గిస్తుంది. ఐదేళ్ల పిల్లాడికి నేరుగా కాకుండా ఇన్‌హేలర్‌కి తగిలించే స్పేసర్ గొట్టంతో ఇవ్వాలి, లేకపోతే మందంతా నాలిక మీదే పడుతుంది. తర్వాత నోరు పుక్కిలించాలి. ఎన్ని ఇళ్లలో ఈ చిన్న విషయం చేయక మందు పనిచేయట్లేదు అంటారో లెక్కే లేదు.

ఇంకోటి, రాత్రి దగ్గుకి మాంటెలుకాస్ట్ రాస్తారు కొందరు. మంచి మందే, కానీ 2020 మార్చిలో అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ దాని మీద గట్టి హెచ్చరిక పెట్టించింది, కొందరు పిల్లల్లో పీడకలలు, చిరాకు, మూడ్ మారిపోవడం కనిపిస్తాయి కాబట్టి. అది మొదలుపెట్టాక పిల్లాడు ఉన్నట్టుండి మారిపోయినట్టు అనిపిస్తే మొండితనం అని కొట్టిపారేయకుండా డాక్టర్‌కి చెప్పండి.

అప్పటి చిన్నపిల్ల | బుధవారం రాత్రి 11.50

నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, ఈరోజు మాత్రం రాయకుండా ఉండలేకపోయా.

నాకు ఏడేళ్లప్పుడు నా వల్ల మా కుక్కని పంపేశారు. మా అన్నయ్యది అది. "దీని జబ్బు వల్లే" అని ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు, కోపంగా కాదు, మామూలుగానే. మా అన్నయ్య ఒక ఏడాది నాతో సరిగ్గా మాట్లాడలేదు. నాకు తుమ్ము వస్తే దుప్పటి నోట్లో కుక్కుకునేదాన్ని, ఎవరికీ వినపడకూడదని. ఇప్పుడు నాకు ముప్పై నాలుగు, మొన్న మా అన్నయ్య నవ్వుతూ అదే మాట అన్నాడు, "నీ వల్లే కదే పోయింది" అని. నేనూ నవ్వాను.

మీ బాబు ముందు "నీ అలర్జీ వల్ల" అనే మాట వాడకండి ఆంటీ. పిల్లిని పంపినా, పంపకపోయినా. మరీ ముఖ్యంగా తుమ్ములు దాచుకుంటున్నాడేమో చూడండి.

చిన్నోడి అమ్మ | గురువారం ఉదయం 5.30

చదివి రాత్రంతా నిద్రపోలేదు. నిన్న వాడు దగ్గు వస్తుంటే బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాడు. నేను సబ్బు దగ్గర ఆడుకుంటున్నాడనుకున్నాను.

శ్రావణమేఘం | గురువారం ఉదయం 6.10

అక్కా, ఈరోజే పెద్దమ్మాయితో కూర్చో. తమ్ముడి ముందు కాదు, విడిగా. తిట్టొద్దు. ఆ పిల్ల కూడా తల్లిలాగే పెంచింది కదా దాన్ని.

చిన్నోడి అమ్మ | పన్నెండు రోజుల తర్వాత

అప్‌డేట్. ఇంకో డాక్టర్ దగ్గరికి, అలర్జీ చూసే ఆవిడ దగ్గరికి వెళ్లాం. డైరీ చూపించాను, చాలా మెచ్చుకున్నారు (నర్సు గారూ, ఆ మెప్పు మీకే). ముందు ముక్కులోకి చూశారు, అడినాయిడ్స్, అంటే ముక్కు వెనకాల ఉండే గ్రంథుల్లాంటివి, వాచి ఏమీ లేవన్నారు, అవి వాచినా నోటితో గాలి పీలుస్తారట. తర్వాత స్కిన్ టెస్ట్. వాడు ఏడుస్తాడనుకున్నా, "చీమ గీరింది" అన్నాడు, అంతే.

చేతి మీద లేచిన బుడిపె డస్ట్ మైట్‌కి 8 మిల్లీమీటర్లు. పిల్లి 6. కుక్కకి సున్నా. బొద్దింకకి కూడా సున్నా. 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పాజిటివ్ అంట.

అంటే శ్రావణమేఘం చెప్పిందీ నిజమే, నా అనుమానమూ నిజమే, మా ఆయన ఒక్కరే ఓడిపోయారు. టైగర్‌కి ఆయన సారీ చెప్పడం నేను కళ్లారా చూశాను.

డాక్టర్ గారు అన్నదేంటంటే, ఇద్దరు దొంగలు ఉన్నప్పుడు ఒకరిని పట్టుకుంటే ఇంకొకరి బలం కూడా తగ్గుతుంది, ముందు పరుపు సంగతి చూడండి, పిల్లిని పడకగదిలోకి అసలు రానివ్వొద్దు, ముక్కులో స్ప్రే, రోజూ ఇన్‌హేలర్, ఆరు వారాల తర్వాత మళ్లీ చూద్దాం, అప్పటికీ తగ్గకపోతే పిల్లి గురించి గట్టిగా మాట్లాడదాం అని. నాకు నచ్చింది ఏంటంటే ఆవిడ ఈ మాటలన్నీ మా పెద్దమ్మాయితో కూడా చెప్పారు, పెద్దదానితో చెప్పినట్టే.

తోకలున్న ఇల్లు | అదే రోజు

శభాష్ టైగర్.

పరుపు, దిండులకి జిప్ ఉండే మైట్ కవర్లు దొరుకుతాయి, అవి తొడిగేయండి. దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకాలి, చన్నీళ్లకి మైట్లు చావవు. ఉతకలేని బొమ్మలుంటే ఒక రాత్రీ పగలూ ఫ్రీజర్‌లో పెట్టి ఆ తర్వాత బాగా దులపండి. ఇంట్లో తేమ 50 శాతం లోపు ఉంటే అవి పెరగవు.

గాలి శుభ్రం చేసే మెషిన్ కొనాలనుకుంటే ఒక మాట. హెపా ఫిల్టర్, అంటే చాలా సన్నటి రేణువుల్ని కూడా పట్టే జల్లెడ, ఉన్నది పిల్లి రేణువులకి పనికొస్తుంది, అవి తేలుతూ ఉంటాయి కాబట్టి. మైట్లవి బరువు, కాసేపటికే కింద పడిపోతాయి, గాల్లో ఉండవు, అందుకని వాటికి ఆ మెషిన్ పెద్దగా చేసేదేమీ లేదు. పరుపు దులపకుండా మెషిన్ కొన్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఓజోన్ వదిలేవి మాత్రం వద్దే వద్దు, ఆయాసం ఉన్న పిల్లలకి అవి ఇంకా చెడ్డవి.

ముక్కుసూటి | అదే రోజు

సరే, కుక్క విషయంలో నాది తప్పే. పిల్లికి 6 వచ్చాక కూడా ఉంచుకోవడం మాత్రం నాకు అర్థం కావట్లేదు.

పాత కాపు | అదే రోజు

ఆరు వారాలు గడువు పెట్టుకున్నారు, డాక్టర్ పర్యవేక్షణలో. మేం పెట్టుకోనిది అదే. ఆ తేదీ క్యాలెండర్‌లో రాయమ్మా, దాటనివ్వకు.

చిన్నోడి అమ్మ | ఏడు వారాల తర్వాత

గడువు వారం దాటింది, పాత కాపు గారూ, తిట్టకండి, డాక్టర్ గారు ఊళ్లో లేరు.

పరుపు కవర్లు, వేడి నీళ్ల ఉతుకు, కార్పెట్ తీసేయడం, కర్టెన్లు తీసి పల్చటివి వేయడం అన్నీ చేశాం. రెండు వారాలకే పొద్దుటి తుమ్ములు మూడు నాలుగుకి దిగాయి. మూడో వారానికి రాత్రి దగ్గు పోయింది. నాకైతే గెలిచేశాం అనిపించింది. అప్పుడు ఐదో వారంలో ఒకరోజు గది తలుపు సరిగ్గా పడలేదు, పొద్దున చూస్తే చుక్కి వాడి దిండు మీద, వాడి తలకి ఆనుకుని. ఆ రోజు సాయంత్రానికి కళ్లు వాచిపోయి, రాత్రికి పిల్లికూతలు. ఇన్‌హేలర్‌తో ఇంట్లోనే తగ్గింది. మళ్లీ పది రోజులకి ఇంకోసారి, ఈసారి తలుపు వేసే ఉంది, అక్క వాడిని ఒళ్లో కూర్చోపెట్టుకుని లెక్కలు చెప్పింది, అక్క డ్రెస్ నిండా పిల్లి.

అది చూసింది పెద్దమ్మాయే. ఆ రాత్రి నేనేమీ అడగలేదు, నిజంగా అడగలేదు. "పిన్ని వాళ్లింట్లో పెడదామా" అంది. మా చెల్లెలిది రెండు వీధుల అవతలే. అలా అనేసి ఒక గంట ఏడ్చింది, ఇది ఐదో రోజు మర్చిపోయే ఏడుపు కాదు. నేనూ పక్కన కూర్చున్నా. బాబుకి మాత్రం "చుక్కికి మేడ మీద ఆడుకోవడానికి చోటు కావాలి, పిన్ని వాళ్లకి మేడ ఉంది" అని చెప్పాం. అబద్ధమే. వాడు నమ్మలేదు అనుకుంటా, "నేను తుమ్ముతున్నానని కాదు కదా" అని అడిగాడు. వాళ్లక్క "కాదురా, దానికి నీ దిండు చాలట్లేదు" అంది.

డాక్టర్ గారు మంచి పని చేశారన్నారు. ఇంజెక్షన్లతో అలర్జీ తగ్గించే పద్ధతి ఉందట, మైట్లకి పెద్దయ్యాక చూద్దాం అన్నారు, మూడు నుంచి ఐదేళ్లు పడుతుందట, ప్రతి ఇంజెక్షన్ తర్వాత అరగంట అక్కడే కూర్చోవాలట. ఇప్పుడైతే అవసరం లేదన్నారు.

ముక్కుసూటి | అదే రోజు

నేను మొదటి రోజే చెప్పా.

చిన్నోడి అమ్మ | అదే రోజు

అవునండీ చెప్పారు. మీ మాట ఆరోజే విని ఉంటే టైగర్ కూడా పోయేది, పరుపు అలాగే ఉండేది, వాడి దగ్గు అలాగే ఉండేది, మేం ఇంకా ఏం పంపాలా అని వెతుక్కుంటూ ఉండేవాళ్లం.

అప్పటి చిన్నపిల్ల | అదే రోజు

దిండు చాలట్లేదు అని అన్న ఆ అమ్మాయికి నా తరఫున ఒక ముద్దు.

రాత్రి డ్యూటీ | మరుసటి రోజు

చాలా సంతోషం. ఒక్క హెచ్చరిక. పిల్లి వెళ్లింది కదా అని వచ్చే వారమే అద్భుతం జరుగుతుందని చూడకండి, ముందే చెప్పినట్టు నెలలు పడుతుంది. సోఫా కవర్లు ఉతకండి, గోడలు కూడా తడిబట్టతో తుడవండి, గోడలకీ అంటుకుంటుంది. ఇన్‌హేలర్ మీ అంతట మీరు ఆపొద్దు.

ఇంకోటి, పెద్దమ్మాయి రోజూ పిన్ని వాళ్లింటికి వెళ్తుందా? వెళ్తే వెళ్లనివ్వండి, ఆపొద్దు. కానీ తిరిగొచ్చాక డ్రెస్ మార్చుకుని, చేతులు ముఖం కడుక్కుని అప్పుడు తమ్ముడి దగ్గరికి.

చిన్నోడి అమ్మ | మరుసటి రోజు రాత్రి

రోజూ వెళ్తుందండీ, స్కూల్ నుంచి నేరుగా అక్కడికే. గుమ్మం పక్కన ఒక బుట్ట పెట్టింది, అందులో మార్చుకునే డ్రెస్ ఉంటుంది. నిన్న హోంవర్క్ ఎక్కువుందని తొందరలో మర్చిపోయి అలాగే వచ్చేసింది. వాడు నాలుగు తుమ్ములు తుమ్మి, "అక్కా, చుక్కి ఎలా ఉంది?" అని అడిగాడు.